పంతొమ్మిది రోజుల అల

కూరగాయల వీధిలో ఆ ఉదయం కూడా ఎవరూ నోరు విప్పలేదు. హిమజ సంచి చాచింది. కొట్టతను బెండకాయలు తూచి అందులో పోశాడు. ఇద్దరి మధ్యా వేలాడుతున్న అలపలక మీద నీలిగీత ఒకటి సన్నగా కదిలి, ఒక అంకె దగ్గర ఆగింది. ఆ అంకె ఎంతో ఆమె చూడలేదు, అతనూ చూడలేదు. ఆమె మణికట్టు మీది చెల్లుబిళ్ళ ఒకసారి వెచ్చబడింది. అంతే, కొనడం అయిపోయింది. పక్క కొట్లోనూ అదే వరస, వీధి చివరిదాకా అదే వరస.

రాజమహేంద్రవరంలో జనం ధర గురించి మాట్లాడడం మానేసి నలభై ఏళ్ళు దాటింది. ఇవాళ ఏ వారమని ఎవరైనా వాదిస్తారా? ధరా అంతే. గడప దాటే ముందు మబ్బు పట్టిందేమో చూసుకున్నట్టు అందరూ అలపట్టిక చూసుకుంటారు. వచ్చే మంగళవారం టమాటా ఎంతుంటుందో, మాఘమాసంలో కొబ్బరికాయ ఎంత పలుకుతుందో అందులో ముందే ఉంటుంది. పెళ్ళిభోజనంలో ఏ కూర వండాలన్నా, ఏ మడిలో ఏ విత్తనం వెయ్యాలన్నా దాన్ని చూశాకే.

ఆ పట్టిక తయారయ్యే తరంగశాలలో హిమజ పరిశీలకురాలు. నలభై దాటిన మనిషి. ఒంటరిగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. అయితే స్కూలు పిల్లలు తరంగశాల చూడడానికి వచ్చినప్పుడు మాత్రం వాళ్ళకు అన్నీ వివరించే పని తనే అడిగి పుచ్చుకుంటుంది.

"దూరంగా పెళ్ళి ఊరేగింపు వస్తోందనుకోండి. ముందు ఒకటే రొద. కాస్త చెవి ఒగ్గి వింటే ఇది సన్నాయి, ఇది డోలు, ఇది తాళం అని విడిగా తెలుస్తాయి కదా? ధర కూడా అలాంటి రొదే. మా అలదర్శిని యంత్రం దాన్ని విని, అందులో ఏది ఎన్నాళ్ళకోసారి మోగుతోందో, ఎంత గట్టిగా మోగుతోందో విడదీస్తుంది. అరటిపండునే తీసుకోండి. దాని ధరలో ఏడాదికోసారి లేచే అల పంటది. వారానికోసారి లేచేది సంతది. పున్నమికీ అమావాస్యకీ లేచేది పూజలది. వీటన్నిటినీ మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చి ముందుకు సాగదీస్తే రేపటి ధర వస్తుంది."

"మరి ఎవరికీ తెలియని అల వస్తేనో?" అని పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

"రాదమ్మా. ప్రతి అలకూ ఒక కారణం ఉంటుంది," అంటుంది హిమజ.

ఆ పని మీద ఆమెకు గౌరవం ఉంది. అలదర్శిని రాకముందు ధర పడిపోయిన రోజున రైతులు టమాటాలను రోడ్డు మీద పారబోసి, ఖాళీ గంపలతో ఏడుస్తూ వెళ్ళడం ఆమె తల్లి చూసింది. ఇప్పుడలా ఎవరూ పారబొయ్యరు. ఒక్క ఆ మాట చాలు హిమజకు, ఆ నిశ్శబ్దపు వీధిని ఏమీ అనకుండా దాటిపోవడానికి.

ఆ రోజు ఆఫీసుకు వెళ్ళేసరికి డైరెక్టరు కృపాకర్ ఆమె బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి. చొక్కా మడత నలగదు, మాట మడత కూడా నలగదు.

"హిమజగారూ, ఇదేమిటో చెప్పండి."

ఎదుటి తెర మీద గోదావరి గౌతమీపాయ తీరపు రేవుల ధరలు విడదీసి ఉన్నాయి. ఒక్కో అలకూ ఒక్కో నిలువుగీత. ఏడాది గీత, వారం గీత, పక్షం గీత ఎక్కడివక్కడ ఉన్నాయి. వారానికీ పక్షానికీ అవతల, ఏమీ ఉండకూడని చోట, గడ్డిపరకలా ఒక సన్నని గీత నిలబడి ఉంది.

"పంతొమ్మిది రోజులకోసారి లేస్తోంది," అన్నాడు కృపాకర్. "అరటిలో ఉంది, కొబ్బరిలో ఉంది, పనసలో ఉంది. పంతొమ్మిది రోజులకోసారి వచ్చే పండగ నాకైతే తెలియదు. మీకు తెలుసా?"

"తెలియదండీ."

"అంటే ఎవరో కూడబలుక్కుని ధరలను ఊపుతున్నారు. కృత్రిమ అల. చట్టం సంగతి మీకు తెలిసిందే. పట్టికలోని అలధరకు అటూ ఇటూగా ఇద్దరు ఒప్పుకుని ఒకసారి కొనుక్కుంటే తప్పు లేదు. పనిగట్టుకుని మళ్ళీ మళ్ళీ చేస్తే కొట్టు మూతపడాలి. ఎవరో పట్టుకోండి."

హిమజ ఆ గీతను పట్టుకుని కూర్చుంది. మొదట ఆమె చూసింది లాభం ఎవరికని. ధర అలధరకు పైకి వెళుతోంది, కిందికి వస్తోంది. సగటు తీస్తే ఏమీ మిగలడం లేదు. ఎవరూ బాగుపడడం లేదు, ఎవరూ నష్టపోవడం లేదు. లాభం లేని కుట్ర ఆమె ఎన్నడూ చూడలేదు.

తర్వాత ఏ రేవులో ఆ అల ఎప్పుడు లేస్తోందో విడివిడిగా గీయించింది. అన్ని రేవుల్లోనూ ఒకే రోజున లేవడం లేదు. ధవళేశ్వరంలో ముందు లేస్తోంది. కపిలేశ్వరపురంలో ఆ తర్వాత, కోటిపల్లిలో ఇంకా ఆ తర్వాత, ఆఖరున యానాంలో. వరసగా, ఒకదాని వెనక ఒకటి. పైగా ధవళేశ్వరంలోనూ యానాంలోనూ పంతొమ్మిది రోజుల్లో ఒక్కసారే లేస్తోంది, మధ్య రేవుల్లో రెండేసిసార్లు లేస్తోంది.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. కుట్రదారులైతే అన్నిచోట్లా ఒక్కసారే మీట నొక్కుతారు. ఇదేదో నదిమీద నడుస్తోంది. దిగువకు వెళుతోంది, చివరిదాకా వెళ్ళి తిరిగి ఎగువకు వస్తోంది. అందుకే మధ్య రేవులు దాన్ని రెండుసార్లు చూస్తున్నాయి. దాని నడక చూస్తే, ప్రతి రేవులోనూ తీరిగ్గా ఆగి వెళ్ళేదిలా ఉంది.

"పడవ," అంది పైకే. చుట్టుపక్కల వాళ్ళు తలెత్తి చూశారు. ఆ గదిలో ఆమె గొంతు అంత గట్టిగా వాళ్ళెప్పుడూ వినలేదు.

*

లెక్క ప్రకారం ఆ పడవ కోటిపల్లి రేవుకు రావలసిన ఉదయాన హిమజ అక్కడికి వెళ్ళింది. రేవు నిండా జనం. లంకల్లోంచి చిన్న నాటు పడవల మీద వస్తున్నారు, సైకిళ్ళ మీద వస్తున్నారు, గెలలు భుజాన వేసుకుని వస్తున్నారు. ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకున్నారు. సరిగ్గా ఆమె అనుకున్న వేళకే, ఎగువ మలుపులోంచి పాత సరుకుల పడవ ఒకటి నెమ్మదిగా వచ్చి ఒడ్డుకు ఆనింది. సిమెంటు రేకులు, బియ్యం బస్తాలు వెనక వైపు పేర్చి ఉన్నాయి. ముందు వైపు ఖాళీగా ఉంచి, పైన పందిరి వేసి, చుట్టూ బల్లలు అమర్చారు.

పడవనుంచి ఒడ్డుకు వేసిన బల్లకట్టు దగ్గర ముక్కుపుడక మెరుస్తూ ఒక లావాటి ఆవిడ నిలబడి అందరినీ పేరుపేరునా పిలుస్తోంది. పేరు వీరవేణి, పడవ ఆమెదే. చుక్కాని దగ్గర కూర్చున్నది ఆమె భర్త సూరిబాబు.

"కొత్తోరా అమ్మా? రండి రండి. చూడ్డానికా, ఆడ్డానికా?"

"ఆడడమా? ఏమిటి?" అంది హిమజ.

"బేరవండి! బేరం ఆడ్డానికి. చూడ్డానికైతే ఆ బల్ల మీద కూచోండి. ఆడ్డానికైతే మీ పేరు సెప్పండి, పిలుస్తాను."

ఆ మాట హిమజ పుస్తకాల్లో చదివింది. బేరమంటే, తరంగశాల పాఠాల్లో, "పూర్వకాలపు అనిశ్చిత ధరనిర్ణయ పద్ధతి." ఆమె వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

పందిరి కింద మధ్యలోకి ఒకామె వచ్చి బొంత అరటిగెల దించింది. యాభై ఏళ్ళుంటాయి. నల్లగా, నిటారుగా, చురుకైన కళ్ళతో ఉంది. జనం ఒక్కసారిగా సద్దుకుని కూర్చున్నారు. "భ్రమరాంబగారొచ్చేశారు. ఇక సూడండి," అంది పక్కనున్న ముసలమ్మ. "లంకలో అరటితోట ఆవిడది. ఆయన పోయాక ఒక్కతే సేసుకుంటంది. అదుగో, ఆ వచ్చేది పట్టాభిగారు. అవతలి ఒడ్డున ముక్తేశ్వరంలో టిఫిను హోటలు. పెళ్ళీ గిళ్ళీ లేదు. అరటికాయ బజ్జీలు బాగా ఏత్తాడు."

పట్టాభి గెల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక కాయను వేలితో నొక్కి, బాధగా తల ఊపాడు.

"ఎంతండీ?"

"ఆరొందలు."

"ఆరొందలా! గెలకేనా, తోట మొత్తానికా?"

జనం గొల్లున నవ్వారు. భ్రమరాంబ నవ్వలేదు.

"తోట కొనే సెయ్యే అయితే బజ్జీలో అరటికాయ కంటికి కనపడేలా ఏసేవోరు. మొన్న తిన్నాను. పిండి తింటన్నానో కాయ తింటన్నానో తెలీలేదు."

"మీ కాయలు అలాంటివి మరి! నూని సెగ తగిలితే సిగ్గుపడి లోపలికి ముడుసుకుపోతన్నాయి. మూడొందలు."

"మూడొందలకి ఆకులొత్తాయి. కోసిత్తాను, పట్టుకెళ్ళండి. ఇంట్లో ఒక్కరేగా, ఇస్తర్లకి పనికొత్తాయి."

"ఒక్కణ్ణని ఎత్తి పొడుత్తున్నారా? సరే అయితే. నాకొద్దు."

పట్టాభి కండువా దులిపి భుజాన వేసుకుని బల్లకట్టు మీదికి నడిచాడు. పడవలో అందరి మెడలూ అటు తిరిగాయి. హిమజ తనకు తెలియకుండానే బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. వెళ్ళిపోతాడా? నిజంగానే వెళ్ళిపోతాడా? అతను ఒడ్డున కాలు పెట్టబోతుండగా వెనకనుంచి వినిపించింది:

"ఇదిగో, ఇలా రండి. నా మాటా ఒద్దు, మీ మాటా ఒద్దు. నాలుగొందల అరవై."

"కొసరేంటి?"

"అరటిపువ్వు."

"అలా అన్నారు, బాగుంది," అని అతను వెనక్కి వచ్చాడు. పడవంతా చప్పట్లు. వీరవేణి ఆ ధరను అలపలక మీద తన వేలితో నమోదు చేసింది. అలధర కన్నా అది కాస్త ఎక్కువ. కిందటిసారి అంతకు అంత తక్కువకు పట్టుకెళ్ళాడని ముసలమ్మ చెప్పింది.

హిమజకు అంతా అర్థమైంది. ఆ సన్నని గీత ఇది. లేచి తానెవరో చెప్పవలసిన సమయం కూడా ఇదే. ఆమె లేచింది. వీరవేణి అది చూసి మరోలా అనుకుంది.

"ఇదిగో, కొత్తమ్మగారు ఆడతారంట! రా తాతా, నీ పంపరపనస తీసుకురా!"

ఒక ముసలాయన పెద్ద పంపరపనసపండు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది.

"ఎంత?" అంది హిమజ.

"మీరే సెప్పండమ్మా."

ఆమె పండును అటూ ఇటూ తిప్పి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క వస్తువుకైనా ధర తాను చెప్పి ఎరగదు. ఇదింత విలువ చేస్తుందని ఎవరితోనూ అని ఎరగదు. అలవాటుగా మణికట్టు వైపు చూసుకోబోతే వీరవేణి తన అరచేత్తో ఆ బిళ్ళను మూసేసింది. "ఉహూ. అది సూడకూడదండీ. ఆట సెడిపోద్ది."

"ఇరవై," అంది హిమజ చిన్నగా.

ముసలాయన గుండె పట్టుకున్నాడు. "ఇరవయ్యా! సెట్టెక్కినోడి సెమటకి కూడా రాదు కదమ్మా!"

జనం ఆమెకేసి చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి. ఆమె నోట్లోంచి ఎక్కడినుంచో మాట ఊడిపడింది. "చెట్టు మీరెక్కారా, తాతగారూ?"

పడవ నవ్వులతో ఊగింది. ముసలాయన కూడా తడబడ్డాడు. "నేనెక్కలేదనుకోండి. మా మనవడెక్కాడు."

"అయితే ఆయన్నే పిలవండి. డబ్బు ఆయన చేతికే ఇస్తాను."

"ఆడు పెళ్ళాంతో అత్తోరింటికెళ్ళాడమ్మా!"

"ఇంత పుల్లటి పండు ఇంట్లో పెట్టుకుని వెళ్ళక ఏం చేస్తాడు?"

ఇక ఆమెకు నవ్వు ఆగలేదు. ఎన్నేళ్ళయిందో అలా నవ్వి. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పండు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడి నవ్వింది. బేరం నలభై దగ్గర తెగింది, కొసరుగా రెండు నిమ్మకాయలు. అలధర ఎంతో ఆమె తర్వాత కూడా చూసుకోలేదు.

*

మధ్యాహ్నం జనం పల్చబడ్డాక తానెవరో చెప్పింది. వీరవేణి ముఖం పాలిపోయింది. సూరిబాబు చుక్కాని వదిలేసి వచ్చి భార్య వెనక నిలబడ్డాడు.

"ఎవర్నీ మోసం సెయ్యలేదండీ మేము," అన్నాడు. "సరుకు మోత మా జీవనాధారం. ధవళేశ్వరంలో ఎక్కించుకుంటాం, యానాం దాకా దించుకుంటా పోతాం, మళ్ళీ ఎక్కించుకుంటా వస్తాం. మూడేళ్ళ కిందట గాలివానకి మా అలపలక గోదాట్లో పడిపోయిందండి. కొత్తది వచ్చేదాకా నోటితోనే అమ్మాల్సొచ్చింది. ఎవరికీ సేతకాలేదు. ముసలోళ్ళు నేర్పారు. ఈలోగా కొత్త పలక వచ్చింది. బిగించబోతే జనం గొడవ! మళ్ళీ ఆడదామంటే మళ్ళీ ఆడదామని."

"ఇప్పుడేం సేత్తారు మమ్మల్ని?" అంది వీరవేణి. "పడవ ఆపేత్తారా? దీన్నే నమ్ముకున్నావండి."

హిమజ పండు చంకన పెట్టుకుని ఒడ్డు మీదికి దిగింది. ఉన్నదున్నట్టు చెప్పడం ఆమె ఉద్యోగం. రేవు గట్టు మీదినుంచి కృపాకర్‌కు ఫోను చేసి మొత్తం చెప్పింది. దాచకుండా చెప్పింది, తాను ఆడిన సంగతి కూడా.

అంతా విని ఆయనన్నాడు: "రేపు ముక్తేశ్వరం రేవుకు వస్తాను. మూసివేత ఉత్తర్వు నేనే తెస్తాను. మీరక్కడే ఉండండి."

*

మర్నాడు అవతలి ఒడ్డున ముక్తేశ్వరంలో పడవ చుట్టూ నిన్నటికి రెట్టింపు జనం చేరారు. కబురు లంకలన్నీ తిరిగొచ్చింది. ఎవరూ గెలలు దించలేదు, ఎవరూ నవ్వడం లేదు. కృపాకర్ నలగని చొక్కాతో బల్లకట్టెక్కి వచ్చి పందిరి కింద, సరిగ్గా నిన్న గెల దించిన చోట నిలబడ్డాడు.

"ఇది కృత్రిమ అల. ఈ పడవ మీద అమ్మకాలు శాశ్వతంగా నిలిపివేస్తున్నాం."

హిమజ లేచి ఆయన ఎదురుగా వచ్చింది.

"అక్కర్లేదండీ. నిలపక్కర్లేదు. మూడేళ్ళ ధరలు నేను విడదీసి చూశాను. సగటులో పైసా మార్పు లేదు. దీనివల్ల ఏ రైతుకూ నష్టం రాలేదు."

"ఉండకూడని అల పట్టికను పాడుచేస్తుంది. శాశ్వతంగా కాకపోతే ఏడాదైనా ఆపాలి."

"ఏడాదా! ఏడాది ఆపితే మళ్ళీ నేర్పడానికి ఈ తాతలు ఉండద్దూ?"

"పోనీ, ఆరు నెలలు."

పందిరి కింద ఏదో కదిలింది. జనం ఒకరినొకరు చూసుకున్నారు. ముసలమ్మ పమిట సవరించుకుని ముందుకు వంగింది.

"అయ్యగారు దిగొత్తన్నారండోయ్!" అన్నాడు పట్టాభి ఎవరికో చెప్పినట్టు.

కృపాకర్‌కు అర్థం కాలేదు. "ఏమిటి దిగడం?"

"ఏం లేదండీ," అంది హిమజ. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "ఆరు నెలలంటే ఎక్కువండీ. ఒక్కరోజు కూడా ఆపకుండా ఉంటే మీకు ఒకటి ఇస్తాను. పడవ ఏ రేవుకు ఏ రోజు వస్తుందో పట్టికలోనే ముందుగా వేద్దాం. తెలిసిన అల అయిపోతే అది పట్టికను పాడుచెయ్యదు. మీకు కారణం లేని గీత ఉండకూడదు, అంతే కదా? కారణం ఇస్తున్నాను."

"అలధరకు ఎంతదూరం వెళతారో హద్దు లేకపోతే ఎలా? పదో వంతు దాటకూడదు."

"అయిదో వంతు."

"పదో వంతు! అంతకన్నా ఒక్క వెంట్రుక ఎక్కువైనా ఒప్పుకోను."

"అయితే ఆట ఏముందండీ అందులో? మీరు ఉత్తర్వే ఇవ్వండి."

"ఇస్తాను. ఇచ్చి వెళ్ళిపోతాను," అని కృపాకర్ గిరుక్కున తిరిగి బల్లకట్టు మీదికి నడిచాడు.

ఎవరూ కదలలేదు. ఆయన నడక మెల్లమెల్లగా తగ్గింది. బల్లకట్టు చివర, ఒడ్డున కాలు పెట్టకుండా ఆగాడు. జేబులో ఏదో వెతుక్కున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒకసారి భుజం మీదినుంచి వెనక్కి చూశాడు. ఆయన ముఖంలో చిన్నపిల్లవాడి ఆత్రం ఉంది. తనను పిలుస్తారా, పిలవరా?

"అయ్యో, అలా వదిలేత్తారేంటమ్మా పాపం!" అని భ్రమరాంబ ముందుకొచ్చి, గొంతెత్తి పిలిచింది. "ఇదిగో బాబుగారూ, ఇలా రండి! ఆవిడ మాటా ఒద్దు, మీ మాటా ఒద్దు. ఏడో వంతు!"

కృపాకర్ వెంటనే తిరిగాడు. అంత వేగంగా ఆయన నడవగలడని హిమజకు తెలియదు. "ఏడో వంతు," అన్నాడు పందిరి కిందికొచ్చి. "సరే. ఖాయం." తర్వాత కాస్త తటపటాయించి, గొంతు తగ్గించి అడిగాడు: "మరి... కొసరేమీ లేదా?"

పడవ పడవంతా హోరెత్తిపోయింది. పట్టాభి పరుగున వెళ్ళి హోటలునుంచి పళ్ళెం నిండా వేడి బజ్జీలు తెచ్చాడు. డైరెక్టరుగారు ఒకటి కొరికి, నాలుక కాలి, నోరు తెరిచి ఊదుకుంటూ, "కాయ కనిపించడం లేదే?" అన్నాడు. భ్రమరాంబ అంత గట్టిగా నవ్వడం అక్కడెవరూ చూసి ఉండరు. పట్టాభి ఆమెకేసి చూస్తూ, పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

*

ఆ ఏడాది అలపట్టికలో గౌతమి రేవుల పక్కన కొత్త వరస ఒకటి చేరింది: "బేరాల పడవ వచ్చు రోజు." పట్టిక వేసిన వాళ్ళు అది హెచ్చరిక అనుకున్నారు. చదివిన వాళ్ళు ఆహ్వానం అనుకున్నారు. ఆ రోజుల్లో అలధర కన్నా ఎక్కువ పెట్టవలసి రావచ్చని తెలిసి మరీ జనం బస్సులు కట్టించుకుని వచ్చారు. వశిష్ఠ పాయ మీద మరో పడవ మొదలైంది. పట్నాల్లో కుర్రకారు, చెల్లుబిళ్ళలు తీసి గంపలో పడేసి, పార్కుల్లో చేమంతిపూలకు బేరాలాడడం మొదలెట్టారు. రాజమహేంద్రవరం కూరగాయల వీధిలో ఆదివారాలు రెండు కొట్లు పలక మీద గుడ్డ కప్పేస్తున్నాయి. హిమజ ఆ రెండింట్లోనే కొంటుంది. నెగ్గేది తక్కువే. బెండకాయలతన్ని ఓడించడం అంత తేలిక కాదు.

ఇలా ఉండగా కార్తీకం వెళ్ళాక ఒక ఉదయం కృపాకర్ మళ్ళీ ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. ముఖంలో కంగారు.

"కోటిపల్లి చూశారా? బొంత అరటిలో మన గీత పడిపోయింది. మిగతా రేవుల్లో బాగానే ఉంది. అక్కడొక్కచోటే దాదాపు మాయమైంది. ఆట మానేశారేమో. ఏం జరిగిందో వెంటనే చూసి రండి."

'మన గీత' అన్నాడని హిమజ గమనించింది.

దారంతా ఆమెకూ అదే ఆలోచన. పడవ పాతబడిందా? జనానికి విసుగొచ్చిందా? కోటిపల్లి వెళ్ళి అడిగితే పడవ ఎప్పట్లాగే వస్తోందన్నారు, పందిరి కింద చోటు దొరకడం లేదన్నారు. "మరి బొంత అరటి?" అంటే అందరూ ముసిముసిగా నవ్వి, అవతలి ఒడ్డు చూపించారు.

ముక్తేశ్వరంలో పట్టాభి హోటలు ముందు ఎనిమిది గెలలు వరసగా వేలాడుతున్నాయి. లోపల గల్లాపెట్టె దగ్గర భ్రమరాంబ కూర్చుని ఉంది. మెడలో కొత్త పూసలదండ. పట్టాభి నూనెలో బజ్జీలు వేస్తూ, ప్రతి ముక్కనూ మందంగా కోస్తున్నాడు.

"రండమ్మా రండి!" అని ఆమె లేచింది.

"భ్రమరాంబగారూ, పడవ మీద గెల దించడం మానేశారట? ఈయనతో బేరం ఎందుకు ఆపేశారు? పోట్లాడారా?"

భ్రమరాంబ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొయ్యి దగ్గరనుంచి పట్టాభి అందుకున్నాడు.

"ఆఖరు బేరం ఆవిడే ఆడారండి. 'ఎన్నాళ్ళు ఇలా గెల గెలకీ పేచీ, మొత్తం తోటకీ హోటలుకీ కలిపి ఒకే మాట సెప్పండి' అన్నారు. నేను ఒక్క మాట కూడా తగ్గించమనలేదండి. అడిగిందానికి ఒప్పేసుకున్నాను."

"తాంబూలాలు పుచ్చుకున్నాక ఆయన దగ్గర గెలకి డబ్బులేం పుచ్చుకుంటాను, మీరే సెప్పండి," అంది భ్రమరాంబ. "పెళ్ళి పడవ మీదే. ఈరవేణి పందిరంతా అరటాకులు కట్టిత్తానంటంది. మీరు రాకపోతే మాత్రం ఊరుకోను."

హిమజ హోటలు బయటికొచ్చి, వేలాడుతున్న గెలల మధ్య నిలబడి ఫోను తీసింది. ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియలేదు. ఒక దేశం ధరలన్నీ ముందుగా చెప్పగల యంత్రం దగ్గర ఆమె సగం జీవితం గడిపింది. ఇది మాత్రం అందులో ఏ మూలా లేదు.

"కారణం దొరికిందండీ," అంది.

"చెప్పండి, చెప్పండి. ఏం రాయమంటారు?" అన్నాడు కృపాకర్ ఆదుర్దాగా.

ఆమె చెప్పింది. అవతల కలం బల్ల మీద పెట్టిన చప్పుడు, వెంటనే ఆయన గొంతు వినిపించింది, ఎప్పుడూ లేనంత మెత్తగా.

"ముహూర్తం ఎప్పుడట?"